ముర్రుపాలు, మూడు జాతులు, నేను తప్పుగా చదివిన అంకెలు

జనవరి మొదటి వారంలో ఫోన్ వచ్చింది. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఆయన. పేరేచర్ల దాటి ఫిరంగిపురం వైపు పోతే రోడ్డుకి లోపలగా ఆయనకు నాలుగెకరాలుంది. అందులో షెడ్డు వేసి రెండేళ్లుగా గొర్రెలు పెంచుతున్నారు.

"డాక్టరుగారూ, నెల రోజుల్లో 34 పిల్లలు పుడితే 11 పోయినై. ఆ నారీ సువర్ణ గొర్రెల ముర్రుపాలల్లో పస లేదండీ. జాతే అంత. వాటిని తోలేసి అన్నీ మాచర్లవే తెద్దామనుకుంటున్నా. మీరొకసారి చూసి సరే అనండి."

నిర్ణయం అప్పటికే అయిపోయింది, నా తలూపు ఒక్కటే తక్కువ. అయినా వెళ్లాను. పాల గురించి ఇంత గట్టిగా మాట్లాడే రైతు అరుదు. మామూలుగా పిల్లలు పోతే చలి అంటారు, దిష్టి అంటారు, కొత్తగా వచ్చిన రోగమేదో అంటారు.

మందలో 62 ఆడగొర్రెలు. పల్నాడు వైపు నుంచి తెచ్చిన మాచర్లవి 24, నెల్లూరు జాతిలో జోడిపి రకం 26, నవంబరు చివర్లో దళారి ద్వారా వచ్చిన నారీ సువర్ణవి 12. తెలియనివారి కోసం రెండు ముక్కలు. నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, ఒంటినిండా వెంట్రుకే. కాళ్లు పొడుగు, చాలావరకు ఈతకి ఒకే పిల్ల. తెల్లటి ఒంటికి మూతి దగ్గర, కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటే అది జోడిపి. మాచర్ల గొర్రెను జాతిగా నమోదు చేసింది ఈ మధ్యనే గానీ మన కాపరులకు అది తాతల నాటిది. నారీ సువర్ణ మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. సుందర్బన్ల వైపు ఉండే గారోల్ అనే చిన్న గొర్రె నుంచి కవల పిల్లల జన్యువును దక్కన్ గొర్రెల్లోకి తెచ్చారు. అందుకే అది తరచుగా ఇద్దరిని ఈనుతుంది. యజమాని దాన్ని కొన్నదీ అందుకే.

నెలలో ఈనినవి 29. మాచర్లవి 11, జోడిపివి 11, వీటన్నిటికీ ఒక్కో పిల్ల. నారీలు 7 ఈని 12 పిల్లల్ని పెట్టాయి. చచ్చిన 11 పిల్లల్లో 6 నారీవి, 3 జోడిపివి, 2 మాచర్లవి. ఈ లెక్క చూస్తే ఎవరైనా జాతి మీదే నేరం మోపుతారు. నేనూ మోపాను. ఆ సంగతి తర్వాత.

ముందు చచ్చిన పిల్లల్ని చూశాను. మూడింటిని గోనెపట్టా కింద నీడలో ఉంచారు. మొదటిది నారీ కవలల్లో చిన్నది. కడుపు కోస్తే జఠరం ఖాళీ, ఒక్క పాలగడ్డ లేదు. మూత్రపిండాల చుట్టూ ఉండాల్సిన కొవ్వు కరిగిపోయి ఎర్రటి జిగురులా మిగిలింది. గొర్రెపిల్ల పుట్టుకతో తెచ్చుకునే ఆ కొవ్వే దానికి మొదటి చలిమంట. కడుపులో పాలు పడకపోతే కొన్ని గంటల్లోనే అది ఆరిపోతుంది. రెండోదానికి కడుపు ఉబ్బి ఉంది, మూతి తడిగా చల్లగా ఉంది, పేగుల్లో గాలీ నీళ్లూ. పాలు పడని కడుపులో ఈ.కోలై క్రిములు పెరిగితే ఇలాగే ఉంటుంది. మూడోది జోడిపి పిల్ల. బొడ్డు చీము పట్టి, ఆ చీము కాలేయం దాకా పాకింది.

మూడు చావులు మూడు రకాలుగా కనిపించినా అన్నీ ఒకచోటి నుంచే మొదలవుతాయి. మనిషి బిడ్డకు రోగనిరోధక శక్తిలో కొంత తల్లి కడుపులోనే అందుతుంది. గొర్రెపిల్లకు అందదు. గొర్రె మాయ యాంటీబాడీలను దాటనివ్వదు. అవన్నీ ముర్రుపాలలోనే రావాలి. వాటిని పిల్ల పేగు మొదటి ఆరు గంటల్లో బాగా పీల్చుకుంటుంది, తర్వాత తగ్గుతూ వచ్చి 24 గంటలకు దాదాపుగా తలుపు మూసేస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి ముర్రుపాలు పోసినా ఆహారం అవుతాయి గానీ రక్తంలోకి రక్షణగా చేరవు.

మొదటి రోజు అంకెలు

నా దగ్గర చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ ఉంది. చెరకు రసంలో తీపి కొలిచేదే. అద్దం మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలిగీత ఏ అంకె దగ్గర ఆగిందో తెలుస్తుంది. దాన్ని బ్రిక్స్ అంటారు. ముర్రుపాలల్లో యాంటీబాడీలు ఎక్కువైతే గీత పైకి పోతుంది. ఆవులకు 22 దాటితే మంచివంటారు. గొర్రె పాలల్లో కొవ్వూ మాంసకృత్తులూ సహజంగానే ఎక్కువ కాబట్టి 26 దాటాలి. అప్పుడు లీటరుకు 50 గ్రాముల యాంటీబాడీలున్నట్టు లెక్క.

ఆరు గొర్రెల పాలు చూశాను. మాచర్లవి రెండు: 29, 31. నారీవి రెండు: 18, 16. జోడిపిలో ఒకటి 27. ఇంకో ముసలి జోడిపి పాలకు గీతే కనబడలేదు. స్కేలు 32తో అయిపోతుంది, గీత దాన్ని దాటి పోయింది. ఇలాంటప్పుడు పాలకు సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి. 18.5 వచ్చింది, అంటే 37. నా సర్వీసులో అంత చిక్కటివి ఎప్పుడూ చూడలేదు.

యజమాని ముఖం వెలిగింది. "నే చెప్పలేదా" అన్నట్టు చూశారు. నేనూ "నారీవి పలచనే" అని నోట్సులో రాసేసుకున్నాను.

అప్పుడు కాపరి పెద్దాయన కోడలు, కుడితి బకెట్ కింద పెట్టి, నాతో కాదు, వాళ్ల మామతో అన్నట్టు అంది: "ఆ రెండూ రాత్రి రెండింటికే ఈనినై గదా మావయ్యా. పిల్లలు అప్పుడే మూడు నాలుగు సార్లు తాగేసినై. మాచర్లదాన్ని సారు ఈనంగానే పిండారు."

నిజమే. మాచర్లవి రెండూ నా కళ్లముందే మధ్యాహ్నం ఈనాయి. నారీవాటి పాలు నేను పొద్దున తొమ్మిదింటికి తీశాను. ముర్రుపాలు పొదుగులో ముందే తయారై నిలవ ఉండే సరుకు. ఒకసారి తాగితే ఆ నిలవ తరుగుతుంది, దాని చోట కొత్తగా ఊరేవి మామూలు పాలవైపు జరుగుతాయి. ఏడు గంటల తేడా ఉన్న పాలను పక్కపక్కన పెట్టి నేను జాతిని తూచాను. పీజీ చదివినవాణ్ని, చెవుల దాకా వేడెక్కింది.

పెద్దాయనకు ఇది జున్నుతో చెబితే క్షణంలో పట్టుకున్నాడు. గేదె ఈనిన మొదటి పూట పాలు ఆవిరికి పెడితే కత్తితో కోసేంత గట్టి జున్ను. మూడో రోజు పాలకు వదులు జున్ను. ఆ గట్టిదనం ఇచ్చేవాటిలోనే పిల్లకు కావలసిన యాంటీబాడీలు ఉంటాయి. "అంటే మొదటి పూటదే జున్ను, మిగతాదంతా పాలన్నమాట" అన్నాడు. అంతే.

37 వచ్చిన గొర్రె కథ

పాలు చూస్తే సగమే తెలుస్తుంది, ఆ పాలు పిల్లకు చేరాయో లేదో పిల్ల రక్తం చెప్పాలి. ఒకటి నుంచి ఐదు రోజుల వయసున్న ఎనిమిది పిల్లల రక్తం తీసి జింక్ సల్ఫేట్ పరీక్ష పెట్టాను. వరికి చల్లే జింక్ కాదు, లెక్కగా చేసిన పలుచని ద్రావణం. అందులో సీరమ్, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట, చుక్కలు వేస్తే యాంటీబాడీలుంటే తెల్లగా మబ్బు పడుతుంది, లేకపోతే తేటగా ఉంటుంది. ఐదు మబ్బు పడ్డాయి. మూడు తేటగా ఉండిపోయాయి. రెండు నారీ కవలల్లో రెండోగా పుట్టినవి. మూడోది, ఆ 37 గొర్రె పిల్ల.

మందలో అన్నిటికన్నా చిక్కటి పాలు తల్లి పొదుగులో ఉన్నాయి. పిల్ల రక్తంలో ఏమీ లేదు.

మళ్లీ ఆ గొర్రె దగ్గరికి పోయి పొదుగు పట్టి చూశాను. ముసలిది, వెన్నెముక చేతికి గుచ్చుకుంటోంది. ఎడమ చన్ను లావెక్కి పిల్ల నోట పట్టదు. కుడి చన్ను చివర మైనం బిరడా ఇంకా ఊడలేదు. గట్టిగా నొక్కితే తుమ్మ జిగురులాంటి పాలు సాగుతూ వచ్చాయి. రెండు పక్కలా కలిపి 40 మిల్లీలీటర్లు రాలేదు. ముందు రోజు మధ్యాహ్నం ఈనింది. అంటే ఆ పిల్ల ఒక పూటంతా ఎండు చన్ను చీకుతూ ఉంది. పాలు అంత చిక్కగా ఉన్నదే ఎవరూ తాగక, తల్లికి తిండి లేక. చూడి చివర్లో మేత సరిపోని గొర్రెకు ముర్రుపాలు తక్కువగా, జిగటగా వస్తాయని చదువుకున్నదే. పుస్తకంలో చదవడం వేరు, రిఫ్రాక్టోమీటర్ అద్దంలో అది గొప్ప అంకెలా కనబడి మోసం చేయడం వేరు.

ఆ పిల్లకు అప్పటికే పేగు తలుపు మూసుకునే వేళ అయింది. పాలు పట్టాం, వారం రోజులు యాంటీబయాటిక్ ఇచ్చాం. బతికింది గానీ ముందరి మోకాలు వాచి కుంటు మిగిలింది.

జాతి లెక్క మళ్లీ మొదటి నుంచి

రెండు వారాలు ఆగుదామని యజమానిని బతిమాలాను. పని కోడలికి అప్పగించాం. గొర్రె ఈనగానే, పిల్ల నోరు పెట్టకముందే, ఒక చెంచాడు పాలు సీసాలోకి. నోటుబుక్కులో ఈనిన వేళ, పిల్ల మొదట తాగిన వేళ, ఎన్నో ఈత, ఎన్ని పిల్లలు. సాయంత్రం నేను వెళ్లి అంకె చూసేవాణ్ని, వీలుకాకపోతే ఆమే చూసి రాసేది. పదో తరగతి ఆపేసిన పిల్ల, గీత చదవడంలో నాకన్నా నిక్కచ్చి.

మొత్తం 19 గొర్రెలు. నారీవి నాలుగు: 28, 25, 30, 27. మాచర్లవి ఏడు, 24కీ 32కీ మధ్య. జోడిపివి ఎనిమిది, కనిష్ఠం 21, ఒకటి స్కేలు దాటింది. మూడు జాతుల అంకెలూ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఇంత చిన్న మందలో, ఇన్ని తేడాల మధ్య, ఏ జాతి పాలు మేలో చెప్పే అర్హత ఈ అంకెలకు లేదు. జాతుల మధ్య తేడా అసలు ఉండదని నేననను. పాల కోసమే పెంచే జాతులకూ మాంసం జాతులకూ పొదుగే వేరు, పాలు ఎక్కువిచ్చేదానికి పలచబడే అవకాశమూ ఉంది. అయితే ఒకే జాతిలో ఒక గొర్రెకూ ఇంకో గొర్రెకూ ఉండే తేడా దాన్ని మింగేస్తుంది. నా 19లో 21 వచ్చిందీ, స్కేలు దాటిందీ రెండూ జోడిపిలే.

మరి నారీ పిల్లలే ఎందుకు ఎక్కువ పోయాయి? చిక్కదనం సరే, పరిమాణం చూడాలి. పుట్టిన మొదటి రెండు గంటల్లో పిల్ల బరువులో కిలోకి 50 మిల్లీలీటర్లు పడాలి. మొదటి రోజంతా కలిపి కిలోకి 200. నారీ కవలలు ఒక్కోటి 1.7 కిలోలు తూగాయి. మొదటి తాగుడుకే ఇద్దరికీ కలిపి 170 మిల్లీలీటర్లు, రోజుకు దాదాపు 700. ఈ నారీలన్నీ తొలిచూలువి. వాటిలో ఒకదాన్ని పూర్తిగా పిండి కొలిస్తే 140 వచ్చింది. ముందు పుట్టిన పిల్ల లేచి నిలబడి కడుపునిండా తాగేస్తుంది. రెండోది వణుకుతూ లేచేసరికి పొదుగు చప్పబడి ఉంటుంది. పరీక్ష తేటగా ఉండిపోయిన రెండు నారీ పిల్లలూ రెండోవే కావడం ఇందుకే.

పైగా ఆ గొర్రెలు వచ్చింది నవంబరు ఆఖరున, ఈనడం మొదలైంది నెల తిరక్కుండానే. తల్లి పాలల్లో ఉండేవి తల్లికి ఎదురైన క్రిముల మీద తయారైన యాంటీబాడీలే. ఎక్కడో పెరిగిన గొర్రెకు ఫిరంగిపురం షెడ్డులోని క్రిములతో పరిచయం ఎంత? పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే చిటుక రోగం టీకా వేశారో లేదో దళారి చెప్పలేడు. బ్రిక్స్ 30 చూపించినా ఆ 30లో ఏ రోగం మీద పనిచేసేవి ఉన్నాయో అద్దం చెప్పదు.

మేత, మాయ, గంప

మిగతా రెండు జాతుల్లో పోయిన ఐదింటికీ కారణాలు వేరేచోట దొరికాయి.

పెద్దాయన ముప్పై ఏళ్లుగా గొర్రెలు కాస్తున్నాడు. ఆయన చేతుల మీద బతికినన్ని పిల్లల్ని నేను బతికించి ఉండను. కానీ ఆయనకో పట్టుదల: మాయ పడేదాకా పిల్లను తాగనివ్వడు. "మాయ పడకముందే తాగితే పిల్లకి పారుడు పట్టుద్ది సార్." మాయ పడడానికి రెండు మూడు గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నిజానికి పిల్ల చీకితేనే తల్లి ఒంట్లో గర్భసంచిని ముడిచే హార్మోను ఊరుతుంది, మాయ తొందరగా జారేదీ దానివల్లే. పైగా మొదటి పాలు "వేడి" అని కాసిన్ని నేలపాలు చేస్తాడు. బిరడా ఊడేలా చన్నుకి రెండు ధారలు పిండడం మంచి పనే, 37 గొర్రెకి అది చేసుంటే బాగుండేది. గ్లాసెడు పారబోయడం మాత్రం పిల్ల నోటిదాన్ని లాక్కోవడమే.

ఇంకోటి మేత పొలంలో ఈనే గొర్రెలది. పత్తి తీసేసిన చేలల్లో తిప్పుతుంటారు. మధ్యాహ్నం ఈనితే పిల్లను గొంగడిలో చుట్టి ఇంటికి చేరుస్తారు, గంప కింద పెడతారు. తల్లి మందతో పాటు చీకటి పడేవేళకి వస్తుంది. అక్కడికి నాలుగైదు గంటలు గోవిందా. నోటుబుక్కులో ఈనిన వేళకీ తాగిన వేళకీ మధ్య ఎడం చూడగానే పెద్దాయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి చూడి నిండినవాటిని ఇంటి దగ్గరే ఆపేశాడు.

మేత సంగతి యజమానిది. చూడి గొర్రెలకు కందిపొట్టు, మినప్పొట్టు, అంతే. కడుపులోని పిల్ల బరువులో మూడింట రెండు వంతులకు పైగా చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. ముర్రుపాలు కట్టేది ఆఖరి రెండు మూడు వారాల్లో. ఆ రోజుల్లో మాంసకృత్తులు కావాలి. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క కలిపి పూటకో గుప్పెడు నుంచి మొదలుపెట్టి రోజుకు 300 గ్రాముల దాకా తెచ్చాం. కవలలున్నవాటికి అదనంగా సోయాచెక్క, కడుపులో ఉన్న ఒక్కో పిల్లకు 100 గ్రాముల లెక్కన. గట్టు మీది సుబాబుల్ కొమ్మలు ఎటూ ఉన్నాయి. యజమాని ఉత్సాహం కొద్దీ ఖనిజ మిశ్రమం రెట్టింపు పోయమన్నారు, వద్దన్నాను. చూడి చివర్లో తల్లికి అయోడిన్ మితిమీరితే పిల్ల పేగు యాంటీబాడీలను పీల్చుకోలేదు. డబ్బా మీద రాసినంతే.

ఈనడానికి మూడు నాలుగు వారాల ముందున్నవాటికి చిటుక టీకా వేశాం. బొడ్డుకి టింక్చర్ అయోడిన్, పుట్టిన వెంటనే ఒకసారి, సాయంత్రం ఇంకోసారి.

తాగలేని పిల్లలకు మెడికల్ షాపులో దొరికే పసిపిల్లల ఫీడింగ్ ట్యూబు, 50 మిల్లీలీటర్ల సిరంజి. ముక్కు నుంచి ఆఖరి పక్కటెముక దాకా కొలిచి ట్యూబు మీద గుర్తు పెట్టుకోవాలి. తల నిలపలేని పిల్లకు ట్యూబు వేయకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దాన్ని ముందు తేరుకునేలా చేయాలి. అయితే పుట్టి ఐదు గంటలు దాటి, ఒళ్లు 37 డిగ్రీల కిందికి పడిపోయిన పిల్లను నేరుగా మంట దగ్గర పెడితే ఫిట్స్ వచ్చి పోతుంది. ముందు కడుపులోకి గ్లూకోజు ఇంజెక్షన్ ఇచ్చి, అప్పుడు వెచ్చబెట్టాలి. ఆ ఇంజెక్షన్ మాత్రం నేనో, మా అసిస్టెంటో వెళ్లి ఇచ్చేవాళ్లం.

పిల్ల పోయిన గొర్రెల మొదటి పూట పాలు 100 మిల్లీలీటర్ల సీసాల్లో పోసి డీప్ ఫ్రీజర్లో పెట్టించాను. ఏడాది దాకా పనికొస్తాయి. కరిగించడానికి చెయ్యి ఓర్చుకునే వేడి నీళ్లు చాలు, పొయ్యి మీద పెడితే జున్నవుతుంది. పక్కింటి ఆవు ముర్రుపాలు వాడొచ్చా అని అడిగారు. తప్పనిసరైతే వాడొచ్చు, గొర్రె పాలకన్నా పలచన కాబట్టి కాస్త ఎక్కువ పట్టాలి. కానీ ఒకే ఆవువి వాడొద్దు. కొన్ని ఆవుల పాలు పడిన పిల్లలు రెండు మూడు వారాలకు రక్తం విరిగి పాలిపోతాయి. నాలుగు ఆవులవి కలిపితే ఆ ముప్పు తగ్గుతుంది.

ఫిబ్రవరి చివరికి మిగిలిన గొర్రెల్లో 30 ఈనాయి, 35 పిల్లలు. మూడు పోయాయి: ఒకటి చచ్చి పుట్టింది, ఒకటి రాత్రి తొక్కిడికి, ఒకటి నారీ కవలల్లో రెండోది, ట్యూబు వేసినా నిలవలేదు. ఇదంతా ముర్రుపాల మహిమే అని నేను రాయలేను. మేత మారింది, మంచు తగ్గింది, బొడ్డు మందు పడింది, రాత్రిళ్లు ఒక మనిషి మేల్కొన్నాడు. ఏది ఎంత పనిచేసిందో విడదీసే దారి లేదు.

యజమాని నారీలను అమ్మలేదు, కొత్తవి కొనలేదు కూడా. మలిచూలుకి వాటి పొదుగులో పాలు ఎంత పెరుగుతాయో పూర్తిగా పిండి కొలవాలని అనుకున్నాం. 37 గొర్రెను తీసేయమన్నాను, లావు చన్ను మళ్లీ ఈతకి బాగుపడేది కాదు. పెద్దాయన ఒప్పుకోలేదు. అది మందకు ముందు నడిచే గొర్రెట. మార్చిలో మళ్లీ పొట్టేలుకు వచ్చింది. కోడలు నోటుబుక్కు చివరి పేజీలో ఐదు నెలలు లెక్కేసి, ఆగస్టు తేదీ ఒకటి రాసి, పక్కన "ఈనగానే రెండు ధారలు పిండాలి, సీసా బయట పెట్టాలి" అని రాసి పెట్టుకుంది.